‘మార్వెల్ టీమ్-అప్’ 74వ సంచిక (1978): స్పైడర్-మ్యాన్ శనివారం రాత్రి హాస్య బృందాన్ని కలిసిన కథ. ఇది కథా, ప్రచారమా?

పాతసంచిక:
1978 అక్టోబరు తేదీతో వెలువడిన ‘మార్వెల్ టీమ్-అప్’ 74వ సంచికను ఈ వేదికలో చాలామంది ఒక వింతగా ప్రస్తావించి వదిలేస్తున్నారు కాబట్టి, దానికోసం ఒక ప్రత్యేక చర్చ మొదలుపెడుతున్నాను. స్పైడర్-మ్యాన్ ప్రతి నెలా ఎవరో ఒక వీరుడితో చేతులు కలిపే మార్వెల్ సంస్థ కామిక్ పత్రిక అది. 1972లో హ్యూమన్ టార్చ్‌తో మొదలై 1985లో 150వ సంచికతో ఆగిపోయింది. ఆ 150 సంచికల్లో ఒకే ఒకదానిలో మాత్రం, ముసుగులు, శక్తులు ఏవీ లేని మామూలు హాస్యనటులు, అప్పటికి అమెరికాలో శనివారం అర్ధరాత్రి అందరూ చూస్తున్న ‘సాటర్డే నైట్ లైవ్’ బృందం, ముఖచిత్రం మీద స్పైడర్-మ్యాన్ పక్కన నిలబడ్డారు. రచన క్రిస్ క్లేర్‌మాంట్, పెన్సిల్ బొమ్మలు బాబ్ హాల్, వాటిమీద సిరాతో గీతలు దిద్దే ఇంకింగ్ మేరీ సెవెరిన్. వెల 35 సెంట్లు.

కథ తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను. పీటర్ పార్కర్ (ముసుగు లేని స్పైడర్-మ్యాన్), అతని స్నేహితురాలు మేరీ జేన్ ఆ కార్యక్రమం చూడటానికి స్టూడియోకు వెళతారు. ఆ రాత్రి హోస్ట్ సాక్షాత్తూ స్పైడర్-మ్యాన్ సృష్టికర్తల్లో ఒకరైన స్టాన్ లీ. సంగీత అతిథి రిక్ జోన్స్, అంటే 1962లో హల్క్ తొలి సంచిక నుంచి మార్వెల్ కథల్లో తిరుగుతున్న కుర్రవాడే. సిల్వర్ సమురాయ్ అనే విలన్‌కు చేరవలసిన ఒక ఉంగరం పొరపాటున టపాలో నటుడు జాన్ బెలూషీకి చేరుతుంది. ఆయన దాన్ని సరదాగా వేలికి పెట్టుకుంటాడు, అది ఊడి రాదు. దానికోసం విలన్ తన మనుషులతో స్టూడియో మీద పడతాడు. కార్యక్రమం ప్రత్యక్ష ప్రసారంలో ఉంది కనుక, జరుగుతున్న పోరాటమంతా స్కెచ్‌లో, అంటే చిన్న హాస్య నాటికలో, భాగమేనని ప్రేక్షకులు చప్పట్లు కొడుతూ ఉంటారు.

దీన్ని మంచి కథగా లెక్కించాలా, లేక రెండు సంస్థలు పరస్పరం చేసుకున్న ప్రచారంగానా? నా అభిప్రాయం మొదటిదే. కారణాలు తరువాత రాస్తాను. ముందు మీరు చెప్పండి.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు:
పాతసంచిక గారూ, ముఖచిత్రం మీద ఆ బృందానికి ‘నాట్ రెడీ ఫర్ ప్రైమ్ టైమ్ ప్లేయర్స్’ అన్న పేరు ఎందుకున్నదో కొత్తవారికి చెప్పాలి. 1975 అక్టోబరు 11న ఎన్‌బీసీ టెలివిజన్‌లో ఈ కార్యక్రమం మొదలైనప్పుడు దాని పేరు ‘సాటర్డే నైట్ లైవ్’ కాదు. ఆ పేరును అదే సంవత్సరం పోటీ టెలివిజన్ సంస్థ ఏబీసీ తన సాయంత్రపు కార్యక్రమానికి, హొవార్డ్ కోసెల్ అనే క్రీడా వ్యాఖ్యాత నడిపినదానికి, ముందే పెట్టేసుకుంది. అక్కడి నటులకు ‘ప్రైమ్ టైమ్ ప్లేయర్స్’ అని పేరు ఉండేది. అర్ధరాత్రివాళ్లు దాన్ని వెక్కిరిస్తూ, మేము ఇంకా ఆ గౌరవనీయమైన వేళకు తయారు కాలేదు అని తమకు తాము పేరు పెట్టుకున్నారు. కోసెల్ కార్యక్రమం త్వరలోనే మూతపడింది, వీళ్లకు ఆ పేరు 1977లో దక్కింది. తమాషా ఏమిటంటే, బిల్ మరే మొదట కోసెల్ బృందంలోనే ఉండేవాడు. చెవీ చేజ్ వెళ్లిపోయిన తరువాత 1977 జనవరిలో ఇటు వచ్చాడు. అందుకే కామిక్‌లో చేజ్ లేడు, మరే ఉన్నాడు. డాన్ అక్రాయిడ్, జాన్ బెలూషీ, జేన్ కర్టిన్, గారెట్ మోరిస్, లరేన్ న్యూమన్, గిల్డా రాడ్నర్‌లతో కలిపి మొత్తం ఏడుగురు.

కొత్తపాఠకురాలు:
నేను ఆ కార్యక్రమం పాత భాగాలు చూడలేదు, కామిక్ మాత్రం చదివాను. బెలూషీ ఒక్కసారిగా జపాన్ యోధుడి వేషంలో కత్తి పట్టుకుని విలన్ ఎదుట నిలబడటం నాకు అర్థం కాలేదు. ఒక హాస్యనటుడికి అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? కథలో ఏదైనా పేజీ నేను వదిలేశానా?

పాతసంచిక:
పేజీ ఏదీ పోలేదు. ఆ వేషం అప్పటి అమెరికన్ పాఠకుడికి ముందే తెలుసు కాబట్టి క్లేర్‌మాంట్ వివరించలేదు. కార్యక్రమం తొలి సంవత్సరంలోనే, 1975 డిసెంబరులో రిచర్డ్ ప్రయర్ హోస్ట్‌గా వచ్చిన రాత్రి, ‘సమురాయ్ హోటల్’ అనే స్కెచ్‌లో బెలూషీ ఆ పాత్రను మొదటిసారి వేశాడు. జపాన్ నటుడు తోషిరో మిఫునే సినిమాలు చూసి, ఆ గుర్రుమనే గొంతును, కనుబొమల విరుపును పట్టుకున్నాడు. పాత్ర పేరు ఫుటాబా. అతను ఒక్క అర్థమయ్యే మాట కూడా మాట్లాడడు. జపాన్ భాషలా వినిపించే అర్థంలేని శబ్దాలతో, హోటల్లో గుమస్తాగానో, తినుబండారాల దుకాణంలో పనివాడిగానో, దర్జీగానో కనిపిస్తాడు. ఎదురుగా ఉన్న ఖాతాదారు మాత్రం అంతా మామూలే అన్నట్లు మాట్లాడుతూ ఉంటాడు. శాండ్‌విచ్ అడిగితే ఫుటాబా ఒరలోంచి కత్తి దూసి, యుద్ధానికి వెళుతున్నంత గంభీరంగా దాన్ని నరికి ఇస్తాడు. ఆ గాంభీర్యమే హాస్యం.

ఇక సిల్వర్ సమురాయ్‌ని చూడండి. 1974లో ‘డేర్‌డెవిల్’ 111వ సంచికలో స్టీవ్ గెర్బర్, బాబ్ బ్రౌన్ పుట్టించిన పాత్ర. అతని శక్తి కత్తి చుట్టూ ఒక క్షేత్రాన్ని సృష్టించడం. ఆ కత్తి దేన్నయినా కోసేస్తుంది. ఒకడు లోకంలో ఏ వస్తువునైనా కోయగల సమురాయ్, మరొకడు శాండ్‌విచ్ కోసే సమురాయ్. వీళ్లిద్దరినీ ఒకే వేదిక మీద నిలబెట్టాలన్న ఆలోచన వచ్చిన తరువాత మిగతా కథ దానంతట అదే వచ్చి ఉంటుంది. నేను దీన్ని కథ అనడానికి మొదటి కారణం ఇదే: అతిథి పేరును కాదు, అతిథి చేసే పనిని కథలో వాడుకున్నారు. బెలూషీ స్థానంలో మరో ప్రముఖుణ్ణి పెడితే ఈ కథ నిలబడదు.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు:
దీనికి ఒక చిన్న చేర్పు. 1976 అక్టోబరు 30న జరిగిన ప్రసారంలో బెలూషీ కత్తి నిజంగానే హోస్ట్ బక్ హెన్రీ నుదుటికి తగిలి రక్తం వచ్చింది. ఆయన స్కెచ్ ఆపలేదు. తరువాత నుదుటికి పట్టీ వేసుకుని వచ్చారు. ఆ రాత్రి ముగిసేలోపు మిగతా నటులు కూడా ఒక్కొక్కరుగా పట్టీలు వేసుకుని తెరమీదికి రావడం మొదలుపెట్టారు. జరిగిన ప్రమాదం హాస్యంగా మారిపోయింది, చూస్తున్నవారికి ఏది నిజమో ఏది నటనో తేల్చుకోవడం కష్టమైంది. కామిక్‌లో ప్రేక్షకులు నిజమైన విలన్‌ను చూసి చప్పట్లు కొట్టడం అతిశయోక్తి కాదని చెప్పడానికే ఇది గుర్తు చేశాను. ఆ కార్యక్రమం జరిగే స్టూడియో 8-హెచ్‌లో అటువంటి రాత్రి నిజంగానే ఒకటి గడిచింది.

గోదారిగట్టు:
మీ ఉత్సాహాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. 1977, 78 సంవత్సరాల మార్వెల్‌ను చూడండి. 1977లో ‘స్టార్ వార్స్’ కామిక్ మొదలైంది. అదే సంవత్సరం ‘కిస్’ అనే రాక్ బృందంతో ఒక సంచిక వేసి, దాని ఎర్ర సిరాలో ఆ నలుగురి రక్తాన్ని కలిపినట్లు ఫొటోలతో సహా ప్రచారం చేశారు. స్పైడర్-మ్యాన్, హల్క్ ఇద్దరూ సీబీఎస్ టెలివిజన్‌లో మనుషులు నటించే ధారావాహికలుగా నడుస్తున్నారు. చేతికందిన ప్రతి ప్రసిద్ధమైన పేరునూ ముఖచిత్రం మీదికి ఎక్కించి పత్రిక అమ్ముకునే రోజులవి. ఆ వరుసలో ఇది ఒకటి, అంతకన్నా ఎక్కువ కాదు. పైగా ఈ సంచిక దుకాణాలకు చేరేసరికి అమెరికాలో వేసవి. కార్యక్రమానికి సెలవులు. అదే వేసవిలో ‘యానిమల్ హౌస్’ సినిమా విడుదలై బెలూషీ దేశమంతటా తారగా వెలిగిపోతున్నాడు. ఇంత చక్కగా కలిసివచ్చిన కాలాన్ని కేవలం కళాత్మక ప్రేరణగా చూడమంటే నాకు కష్టమే.

కథ ముగిసేసరికి పీటర్ జీవితంలో ఏం మారింది? ఏమీ లేదు. ఆ కాలపు సంచికలో కథకు దొరికేవే 17 పేజీలు. అందులో సగం ప్రముఖులను పరిచయం చేయడానికి, వాళ్లచేత ఒక్కొక్క చతురోక్తి పలికించడానికి ఖర్చయితే స్పైడర్-మ్యాన్ తన సొంత పత్రికలోనే అతిథి అయిపోడా? మరొక సంగతి కూడా గమనించండి. సీబీఎస్‌లో తన ధారావాహిక నడుస్తుండగా, కామిక్‌లో వెళ్లి ఎన్‌బీసీ స్టూడియోను కాపాడిన వీరుడు ఇతనొక్కడేనేమో!

రేఖలూ_రంగులూ:
గోదారిగట్టు గారి చివరి వాక్యానికి నవ్వాను. అయినా బొమ్మల గురించి ఎవరూ మాట్లాడకపోవడం అన్యాయం. ఆ రోజుల్లో ఈ పత్రికలో క్లేర్‌మాంట్‌తో తరచుగా పనిచేసినవాడు జాన్ బర్న్. ఈ సంచికకు ఆయన లేరు. వచ్చిన బాబ్ హాల్ నాటకరంగపు మనిషి. 1977లో రంగస్థలానికి ఎక్కిన ఒక డ్రాక్యులా నాటకానికి సహరచయిత కూడా. రంగస్థలం వెనుక తాళ్లు, తెరలు, దీపాలు, సెట్టు పలకలు ఎలా ఉంటాయో తెలిసినవాడికి స్టూడియోలో జరిగే పోరాటం దొరకడం పాఠకుడి అదృష్టం.

కానీ ఈ సంచిక ప్రాణమంతా మేరీ సెవెరిన్ కలంలో ఉంది. 1967లో మార్వెల్ తనను తానే వెక్కిరించుకుంటూ తెచ్చిన ‘నాట్ బ్రాండ్ ఎక్’ అనే హాస్య పత్రికలో వ్యంగ్య చిత్రాలతో పేరు తెచ్చుకున్నది ఆవిడే. ఇక్కడ ఆవిడకు ఎదురైన చిక్కు ఎంత పెద్దదో చూడండి. పాఠకులు ప్రతి వారం చూసే ఏడు నిజమైన ముఖాలను, బొటనవేలి గోరంత పరిమాణంలో, నాసిరకం పత్రికా కాగితం మీద, ఇట్టే గుర్తుపట్టేలా గీయాలి. మరీ అచ్చుగుద్దినట్లు గీస్తే ముసుగు వీరుడి పక్కన అవి అతికించిన ఫొటోల్లా ఉంటాయి. మరీ సాగదీస్తే స్పైడర్-మ్యాన్ కూడా వ్యంగ్యచిత్రంలో ఇరుక్కుంటాడు. ఆవిడ ఈ రెంటికీ నడుమ ఒక ముఖానికి రెండు మూడు గీతలే నమ్ముకున్నారు. బెలూషీకి కనుబొమలు చాలు. రాడ్నర్‌కు జుట్టు చాలు. ఈ పనిని ఇంకింగ్ అని ఒక్క మాటలో తేల్చేస్తే ఆవిడకు దక్కవలసిన పేరు దక్కదు.

పాతసంచిక:
గోదారిగట్టు గారూ, ప్రచారం లేదని నేను అనలేదు. ప్రచారం కోసం పుట్టినది కథ కాలేదా అన్నదే నా ప్రశ్న. ఇప్పుడు రెండవ కారణం.

స్పైడర్-మ్యాన్ పుట్టిందే టెలివిజన్ స్టూడియోలో. 1962 నాటి ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికను మళ్లీ తెరవండి. శక్తులు రాగానే ఆ కుర్రవాడు ప్రపంచాన్ని రక్షించడానికి పరుగెత్తలేదు. డబ్బు కోసం కుస్తీ పట్టాడు, ఒక నిర్మాత కంటబడ్డాడు, టెలివిజన్‌లో ప్రదర్శనలిచ్చి పేరు తెచ్చుకున్నాడు. అటువంటి ఒక ప్రదర్శన ముగించుకుని వస్తున్నప్పుడే, స్టూడియో నడవలో తన పక్కనుంచి పారిపోతున్న దొంగను, అది తన పని కాదని వదిలేశాడు. ఆ దొంగే తరువాత పెదనాన్న బెన్‌ను చంపాడు. అంటే ఇతని జీవితంలోని అతి పెద్ద అపరాధం జరిగిన చోటు ఏ చీకటి వీధీ కాదు, టెలివిజన్ భవనం.

1978లో ఇతను మళ్లీ ఒక టెలివిజన్ స్టూడియోలోకి వచ్చాడు. ఈసారి ప్రేక్షకుల్లో ఒకడిగా కుర్చీలో కూర్చున్నాడు. దుండగులు వచ్చారు. వాళ్లను ఆపడం తన పని కాదని అనుకోలేదు. పైగా ఆ పోరాటమంతా అతను పదహారేళ్ల క్రితం కోరుకున్నట్లే కెమెరాల ముందు, చప్పట్ల మధ్య జరిగింది, కానీ ఆ చప్పట్ల వల్ల అతనికి దక్కినది ఏమీ లేదు. రచయిత దీన్ని మనసులో పెట్టుకుని రాశారా లేదా అన్నది పక్కన పెట్టండి. పాత్ర చరిత్ర తెలిసిన పాఠకుడికి ఆ వేదికే చాలా చెబుతుంది. అందుకే పీటర్ జీవితంలో ఏమీ మారలేదన్న విమర్శ నాకు అంత బలంగా అనిపించదు. మారవలసినది ఎప్పుడో మారిందని ఈ కథ చూపిస్తుంది.

గోదారిగట్టు:
వాదన అందంగా ఉంది, కానీ అది మీరు కథకు ఇచ్చినది, కథ మీకు ఇచ్చినది కాదు. పెదనాన్న ప్రస్తావనతో నిలబడే ఒక్క దృశ్యం ఉన్నా నేను తలవంచేవాణ్ణి. క్లేర్‌మాంట్ పీటర్ మనసులోని మాటలను బుడగల నిండా నింపే రచయిత. ఆయనకు ఈ పోలిక అవసరమనిపిస్తే మనకు వదిలేసేవారు కాదు. మీ మొదటి కారణాన్ని, అంటే ఇద్దరు సమురాయ్‌ల ఎదురుకోలును, మాత్రం ఒప్పుకుంటున్నాను. అది నిజంగా మంచి ఆలోచన.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు:
కామిక్స్‌కూ ఈ కార్యక్రమానికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదు. కామిక్ వచ్చిన కొద్ది నెలలకు, 1979 మార్చి 17న, ‘సూపర్‌మ్యాన్’ సినిమాలో లోయిస్ లేన్‌గా నటించిన మార్గట్ కిడర్ ఈ కార్యక్రమానికి హోస్ట్‌గా వచ్చారు. ఆ రాత్రి సూపర్‌మ్యాన్ ఇంట్లో విందు అనే స్కెచ్ వేశారు. బిల్ మరే సూపర్‌మ్యాన్, అక్రాయిడ్ ఫ్లాష్, బెలూషీ హల్క్. ప్రచురణ సంస్థల మధ్య ఉన్న గోడ వాళ్లకు పట్టలేదు. సూపర్‌మ్యాన్‌ను ప్రచురించే డీసీ సంస్థ వీరులు, మార్వెల్ వీరులు ఒకే గదిలో పానీయాలు పుచ్చుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. గారెట్ మోరిస్ యాంట్-మ్యాన్‌గా వస్తాడు. చీమంత చిన్నగా మారినా మనిషి బలం ఉంటుందని అతను గొప్పగా చెప్పుకుంటే, ఫ్లాష్, హల్క్ కలిసి ఆ మాట మీదే అతన్ని పొట్టచెక్కలయ్యేలా ఆటపట్టిస్తారు. కామిక్ పాఠకులు తమలో తాము వేసుకునే హాస్యం అది. దాన్ని అర్ధరాత్రి దేశమంతటికీ వినిపించారు. 2015లో యాంట్-మ్యాన్ సినిమా తీసినప్పుడు అదే గారెట్ మోరిస్‌ను టాక్సీ డ్రైవరుగా ఒక చిన్న పాత్రలో చూపించారు. ఆ స్కెచ్ గుర్తున్నవాళ్లకు మాత్రమే ఆ దృశ్యం ఎందుకున్నదో తెలుస్తుంది.

కొత్తపాఠకురాలు:
ఇలాంటి ప్రయోగం ఇంకెవరైనా చేశారా?

రేఖలూ_రంగులూ:
తప్పకుండా చదవవలసినది ‘అవెంజర్స్’ 239వ సంచిక, 1984 జనవరి తేదీతో వచ్చినది. రచన రోజర్ స్టెర్న్, పెన్సిల్ అల్ మిల్‌గ్రోమ్. అవెంజర్స్ అనే మార్వెల్ వీరుల బృందంలోని హాకై, బ్లాక్ విడో, బీస్ట్, వండర్ మ్యాన్, బ్లాక్ పాంథర్ కలిసి డేవిడ్ లెటర్‌మన్ నడిపే టెలివిజన్ ముచ్చట్ల కార్యక్రమానికి అతిథులుగా వెళతారు. అదీ రాక్‌ఫెల్లర్ ప్లాజాలోని అదే ఎన్‌బీసీ భవనం. ఫేబియన్ స్టాంకోవిచ్ అనే యంత్రాల పిచ్చివాడు అక్కడ దాడి చేస్తే, చివరికి అతని తలమీద ఒక పెద్ద తలుపు పిడితో మోది పడగొట్టేది లెటర్‌మన్. ఆ నెలలో సంపాదకులంతా ఊళ్లో లేరని, సహాయ సంపాదకులే పత్రికలన్నీ నడుపుతున్నారని చెప్పుకుని మార్వెల్ చేసిన అల్లరిలో ఇది భాగం.

నా దృష్టిలో 239 ఎక్కువ నవ్విస్తుంది, 74 ఎక్కువ నిలుస్తుంది. లెటర్‌మన్ కథలో హాస్యం వీరుల మీద. వాళ్లు కుర్చీల్లో ఇబ్బందిగా కదులుతూ, ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ ఉంటారు. 74లో హాస్యనటులు తమ హాస్యంతోనే పోరాడతారు. పోల్చాలంటే మొదటిది పెళ్లికి వచ్చిన చుట్టాలను ఏడిపించడం, రెండవది చుట్టాలే లేచి వడ్డన అందుకోవడం.

పాతసంచిక:
వీటికంటే ముందుది ఒకటి ఉంది. పిల్లల కోసం పీబీఎస్ అనే అమెరికా టెలివిజన్ సంస్థలో ప్రసారమైన ‘ది ఎలక్ట్రిక్ కంపెనీ’ కూడా స్కెచ్‌ల హాస్య కార్యక్రమమే. చదవడం నేర్పడం దాని ఉద్దేశం. మోర్గన్ ఫ్రీమన్ అందులో రోజూ కనిపించే నటుల్లో ఒకరు. 1974 నుంచి అందులో స్పైడర్-మ్యాన్ వచ్చేవాడు, కానీ గొంతు విప్పి ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. అతని మాటలు తలమీద బుడగల్లో కనిపించేవి, అర్థం కావాలంటే పిల్లలు వాటిని చదువుకోవలసిందే. కామిక్ పద్ధతిని టెలివిజన్ ఇంత తెలివిగా అరువు తెచ్చుకున్న సందర్భం నాకు మరొకటి గుర్తు రావడం లేదు. దానికి జతగా మార్వెల్ ‘స్పైడీ సూపర్ స్టోరీస్’ అనే సులభమైన భాషలోని పత్రికను 1974 నుంచి 1982 వరకు 57 సంచికలు నడిపింది. కాబట్టి 1978లో స్పైడర్-మ్యాన్ హాస్యనటుల మధ్యకు వెళ్లడం కొత్తేమీ కాదు. పిల్లల బడి నుంచి పెద్దల అర్ధరాత్రికి మారాడు, అంతే.

హైదరాబాదీ_సంపుటం:
ఈ చర్చ చదివాక సంచిక కొనాలనిపించింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత అమెరికన్ కామిక్స్ అప్పుడప్పుడు దొరుకుతాయి గాని, ఫలానా సంచిక కావాలంటే అక్కడ కుదిరే పని కాదు. పునర్ముద్రణ సంపుటాల్లో చదవవచ్చునా?

పాతసంచిక:
అక్కడే చిక్కు. ‘ఎసెన్షియల్ మార్వెల్ టీమ్-అప్’ మూడవ సంపుటం తీసుకుంటే 73 తరువాత నేరుగా 75కు దూకుతుంది. మార్వెల్ సొంత పాత్రలున్న కథలను తన ఇష్టప్రకారం ఎన్నిసార్లయినా ముద్రించుకోవచ్చు. కానీ ఇక్కడ ఒక టెలివిజన్ కార్యక్రమం పేరు, ఏడుగురు నిజమైన మనుషుల రూపురేఖలు ఉన్నాయి. ఆనాటి ఒప్పందం ఆనాటి సంచికకు పనికొస్తుంది, దశాబ్దాల తరువాత వచ్చే సంపుటానికి మళ్లీ అనుమతులు అడగవలసి వస్తుంది. కనుక అసలు సంచికనే వెతకడం మేలు.

వెబ్‌లో కొనేటప్పుడు విక్రేతను ముఖచిత్రం ఫొటో ఒక్కటే కాకుండా నడిమి పేజీల ఫొటో కూడా అడగండి. ఈ కాగితం అంచులనుంచి లోపలికి పసుపెక్కుతుంది. నడిమి పిన్నులు తుప్పు పట్టి ఉంటే, ఆ రెండు పేజీలు పిన్ను దగ్గరే చిరిగి విడిపోతాయి. వెన్నుమడత మీద తెల్లటి గీతలు ఎక్కువగా ఉంటే ధర తగ్గించమని అడగవచ్చు. చదువుకోవడానికే అయితే ఆ గీతల వల్ల నష్టం లేదు.

గోదారిగట్టు:
హక్కుల వల్ల మళ్లీ ముద్రించలేనిదాన్ని మీరు కథ అంటున్నారు, నేను ప్రచారపత్రం అంటున్నాను. పునర్ముద్రణకు నోచుకోకపోవడం నా వాదనకే సాయం చేస్తోందని గమనించగలరు. ఎవరి ప్రచారం వారిది, కాలం తీరగానే ఒప్పందమూ తీరింది.

రేఖలూ_రంగులూ:
అలా అయితే 1979లో బెలూషీ, అక్రాయిడ్, 1980లో మిగతా బృందం, నిర్మాత లోర్న్ మైకేల్స్‌తో సహా, కార్యక్రమాన్ని వదిలి వెళ్లిపోయారు. బెలూషీ 1982 మార్చిలో 33 ఏళ్లకే కన్నుమూశాడు. ప్రచారం చేయవలసిన సరుకే అంగట్లో లేకుండా పోయిన తరువాత కూడా ఆ సంచికను వెతుక్కుని కొంటున్నవాళ్లు దేనికోసం కొంటున్నట్లు?

గోదారిగట్టు:
బెలూషీ కోసం కొంటున్నారు, స్పైడర్-మ్యాన్ కోసం కాదు. ఇది నా ఆఖరి మాట కాదు. మేరీ సెవెరిన్ గురించి మీరు రాసినది చదివాక నా ప్రతిని మళ్లీ బయటికి తీశాను. స్టూడియో దృశ్యాల బొమ్మలు చూసి మళ్లీ వచ్చి వాదిస్తాను.

కొత్తపాఠకురాలు:
చివరిగా ఒక సందేహం. 74 చదవడానికి ముందు 73 చదివి ఉండాలా? నాకు మధ్యలోంచి చదవడం ఇష్టం ఉండదు.

పాతసంచిక:
అవసరం లేదు. 73లో డేర్‌డెవిల్ అతిథి, ఆ కథ దానితోనే ముగుస్తుంది. 74 ఒకే సంచికలో మొదలై ముగిసే కథ. మీరు ముందుగా చదవవలసినది ఏదైనా ఉంటే అది ‘అమేజింగ్ ఫాంటసీ’ 15. గోదారిగట్టు గారు ఒప్పుకోకపోయినా సరే, ఆ నడవ బొమ్మ చూసిన తరువాతే ఈ సంచిక తెరవండి. 74 అయ్యాక 75 కూడా దొరికితే వదలకండి. అందులో అతిథి ల్యూక్ కేజ్, పెన్సిల్ మళ్లీ జాన్ బర్న్.